మౌనం ఎవరి సొత్తు? – జపాను జనరంజక కళలో మాటతక్కువ నాయికలు, గాయికలు

జపాను సినిమాలూ, బొమ్మల ధారావాహికలూ, పాటలూ ప్రపంచమంతటా తిరుగుతున్న యీ కాలంలో, వాటి ఆకర్షణను గూర్చి ఆలోచించేవారికి ఒక విషయం వెంటనే తడుతుంది. అక్కడి జనం గుండెల్లో చిరకాలం నిలిచిన నాయికల్లో చాలామంది మాటతక్కువ మనుషులు. గాయికల్లో కూడా, నవ్వులు కురిపించినవారితోపాటు, నవ్వకుండా నిలబడి పాడి, పాట అయిపోగానే ఒక్క మాట అదనంగా మాట్లాడకుండా వెళ్ళిపోయినవారికి ప్రత్యేకస్థానం వుంది. యీ సంగతిని గూర్చి మన మిత్రుల్లో రెండు రకాల అభిప్రాయాలు వినిపిస్తున్నాయి. "ఇది ప్రాచ్య స్త్రీకి సహజమైన శాలీనత" అని కొందరు మురిసిపోతారు. "ఇది బజారు సరుకు, క్షీణసంస్కృతి, దీన్ని చర్చించడమే దండుగ" అని మరికొందరు తోసిపారేస్తారు. రెండూ ఆలోచించే శ్రమను తప్పించుకునే మార్గాలే అని నా అభిప్రాయం. లక్షలాది జనం ప్రేమించినదాన్ని ఎందుకు ప్రేమించారో తెలుసుకోకుండా, అభ్యుదయ విమర్శ ఒక్క అడుగు ముందుకు వేయలేదు.

మొదట "సహజమైన శాలీనత" సంగతి చూద్దాం. పద్ధెనిమిదో శతాబ్దంలో జపానులో ఇంటింటా ప్రచారమైన "ఒన్నా దైగాకు" అనే స్త్రీ నీతిగ్రంథం, భార్యను వదిలివేయడానికి చెల్లే ఏడు కారణాల్లో అధికభాషణను కూడా ఒకటిగా లెక్కవేసింది. 1899లో బాలికల ఉన్నత పాఠశాలల శాసనం వచ్చాక, "మంచి భార్య, వివేకవతి అయిన తల్లి" అనే ఆదర్శం పాఠ్యప్రణాళికగా మారింది. ఆడవాళ్ళకు ఓటుహక్కు 1945 డిసెంబరులోగాని రాలేదు. వారు మొదటిసారి ఓటు వేసింది 1946 ఏప్రిల్‌లో. సహజగుణమే అయితే, గ్రంథాలు రాసి, బడులు పెట్టి, విడాకుల భయం చూపి నేర్పవలసిన అవసరం ఏముంది? మౌనాన్ని అక్కడ రెండు మూడు వందల ఏళ్ళు శ్రద్ధగా పెంచి పోషించారు. పండిన పంటను చూసి ఇది అడవిలో దానంతటదే మొలిచిందనడం అమాయకత్వం.

మరి, మౌనంలో కళ లేదా? వుంది. చెప్పినదానికంటె చెప్పనిది బలంగా వినిపించడమే ధ్వని అని మన ఆనందవర్ధనుడు తొమ్మిదో శతాబ్దంలోనే సిద్ధాంతీకరించాడు. అయితే ఇక్కడ ఒక షరతు వుందని నేను అనుకుంటాను. మాట్లాడగల మనిషి మాట్లాడకపోవడంలో ధ్వని వుంటుంది. నోరు నొక్కినందువల్ల వచ్చిన మౌనంలో ధ్వనించేది ఆ మనిషి మనసు కాదు, నొక్కిన చెయ్యి. కళాకారుడు ఆ చేతిని కూడా చూపిస్తే అది గొప్ప కళ అవుతుంది. చేతిని దాచి ముఖాన్ని మాత్రం అందంగా చూపిస్తే అది అలంకారం అవుతుంది. మౌననాయికలను తూచడానికి నాకు కనిపిస్తున్న తూనిక ఇదొక్కటే.

యీ తూనికకు నిలిచిన మొదటి ఉదాహరణ ఆధునిక జపాను సాహిత్యం తొలిరోజుల్లోనే దొరుకుతుంది. హిగుచి ఇచియో అనే రచయిత్రి 1895–96లో "తకెకురాబె" అనే పెద్దకథ రాసింది. 1896 నవంబరులో, 24వ ఏట, ఆమె చనిపోయింది. కథాస్థలం టోక్యోలోని యొషివారా వేశ్యావాటిక పొరుగువీధులు. మిదోరి అనే పిల్ల ఆ వీధిపిల్లలకు రాణి. నోటిధాటి గలది, చేతిలో డబ్బాడేది. అక్క పేరుమోసిన వేశ్య గనక ఆ డబ్బు వస్తోంది. కథ చివర, జాతరనాడు, ఆమె జుట్టు పెద్దదానిలా ముడివేసుకొని కనిపిస్తుంది. ఆ రోజునుంచి ఆమెకు మాట లేదు, ఆట లేదు. ఎందుకో రచయిత్రి చెప్పదు. రజస్వల అయిందని విమర్శకులు చాలాకాలం చెప్పుకున్నారు. 1985లో సాటా ఇనెకో, స్వయంగా శ్రామికవర్గ సాహిత్యోద్యమంలోనుంచి వచ్చిన రచయిత్రి, ఆ వ్యాఖ్యానాన్ని ప్రశ్నించింది. ఆ పిల్లను మొదటి విటుడికి అప్పగించారని అర్థం చేసుకుంటేగాని ఆ మౌనం బరువు తెలియదని ఆమె వాదం. పండితుల్లో పెద్ద చర్చ లేచింది. ఎవరి పక్షం ఒప్పుకున్నా ఒక సంగతి నిలుస్తుంది: మిదోరి మౌనం పుట్టుకతో వచ్చింది కాదు. గలగల మాట్లాడే పిల్ల మనకళ్ళముందే మూగపోయింది. ఏ వీధిలో మూగపోయిందో ఇచియో గీతగీసి చూపింది. ఇంచుమించు అదేకాలంలో, 1897లో, మన గురజాడ "కన్యాశుల్కం" అచ్చయింది. అక్కడ మధురవాణికి నోరే ఆయుధం. ఇక్కడ మిదోరికి పోయింది ఆ ఆయుధమే. రెండు రచనలూ ఒకే మార్కెట్టును రెండు చివరలనుంచి చూశాయి.

సినిమాలోకి వద్దాం. సెత్సుకో హారా (1920–2015) పేరు వినగానే జపానువారికి ఒక చిరునవ్వు గుర్తుకువస్తుంది. ఓజు తీసిన "వసంతం చివర" (1949)లో పెళ్ళి వద్దనే కూతురుగా, "టోక్యో కథ" (1953)లో యుద్ధంలో భర్తను పోగొట్టుకొన్న కోడలుగా ఆమె నటించింది. మొదటి చిత్రంలో తండ్రీ కూతుళ్ళు నో నాటకం చూస్తుంటారు. తండ్రి ఎదుటివరసలోని ఒక వితంతువుకు తలవంచి నమస్కరిస్తాడు. కూతురు ఆమెను చూస్తుంది, తండ్రిని చూస్తుంది, తల దించుకుంటుంది. ఒక్క మాట లేదు. ఒక జీవితం కూలిపోవడం మాత్రం ప్రేక్షకుడు చూస్తాడు. రెండో చిత్రంలో కన్నబిడ్డలకు తీరికలేని ముసలి దంపతులను ఆదరించేది యీ కోడలొక్కతే. కాని ఓజు అక్కడితో ఆగి వుంటే అది ఆదర్శ కోడలి చిత్రపటం అయ్యేది. చివరకు మామగారు ఆమె మంచితనాన్ని మెచ్చుకుంటే, తాను ఆయన అనుకున్నంత మంచిదాన్ని కాననీ, భర్త గుర్తుకురాని రోజులు కూడా వున్నాయనీ, ఇలా ఎన్నాళ్ళని రాత్రులు భయపడుతున్నాననీ చెప్పి ఏడుస్తుంది. చిరునవ్వు వెనక ఎనిమిదేళ్ళ ఒంటరితనం వుందని ఆ ఒక్క సన్నివేశం బయటపెడుతుంది. మౌనానికి ఖరీదు ఎంతో తేల్చి చెప్పినందువల్లనే ఆ చిత్రం గొప్పది.

ఒక విషయం మరువకూడదు. ఇదే ముఖాన్ని యుద్ధకాలపు జపాను ప్రభుత్వం కూడా వాడుకొంది. 1937లో నాజీ జర్మనీవారితో కలిసి తీసిన చిత్రంలోనూ, తరువాత యుద్ధప్రచార చిత్రాలలోనూ ఆమె వుంది. 1946లో కురొసావా తీసిన "మా యౌవనానికి పశ్చాత్తాపం లేదు"లో అదే నటి యుద్ధవ్యతిరేకి భార్యగా పొలంలో బురదతొక్కి నాట్లు వేసింది. ముఖం ఒకటే, మౌనం ఒకటే. అది ఎవరి పక్షాన నిలబడిందనేది చిత్రాన్ని తీసినవారిపై ఆధారపడింది. మౌనానికి తనంతట తనకు రాజకీయం లేదు గనకనే దాన్ని ఎవరైనా అద్దెకు తీసుకోగలరు. ఓజు 1963లో చనిపోయిన తరువాత హారా చిత్రరంగం వదిలి కామకురాలో నివసించింది. అర్ధశతాబ్దంపాటు పత్రికలకు ముఖం చూపలేదు. వారు దాన్ని రహస్యం అన్నారు, పవిత్రత అన్నారు. ఒక శ్రామికురాలు పని మానుకొంది అని ఎందుకు అనలేదో!

ఇక గాయికలు. 1970లో ఒసాకాలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. మానవజాతి పురోగతీ, సామరస్యమూ దాని నినాదాలు. ఆరునెలల్లో 6 కోట్ల 40 లక్షలకు పైగా సందర్శనలు నమోదయ్యాయి. సరిగ్గా ఆ ఏడాదే, ఫుజి కేకో అనే పందొమ్మిదేళ్ళ పిల్ల పాటల రికార్డులు రెండు, ఒకదానివెంట ఒకటిగా, 37 వారాలు అమ్మకాల్లో మొదటి స్థానం వదలలేదు. ఆమె ఉత్తరాన హొక్కైదోలో పెరిగింది. తల్లిదండ్రులు ఊరూరా తిరిగి కథాగానం చేసి బతికినవారు. నల్లదుస్తులు, తెల్లని గిటారు, కదలని ముఖం. షింజుకు రాత్రివీధుల స్త్రీలను గూర్చిన పాటలు. దేశమంతా పురోగతి పండుగ చేసుకుంటుంటే, యీ నవ్వని పిల్లను అన్ని లక్షలమంది ఎందుకు విన్నారు? ఆ రెండు దశాబ్దాల్లో ఈశాన్య గ్రామాలనుంచి, మాధ్యమిక పాఠశాల దాటిన పిల్లలను ప్రత్యేక రైళ్ళలో ఎక్కించి టోక్యో కార్ఖానాలకూ, దుకాణాలకూ చేరవేశారు. వారిని "బంగారు గుడ్లు" అని యజమానులు ముద్దుగా పిలిచారు. గుడ్డుకు నోరుండదు. ఆ నోరులేని జనానికి, పురోగతిని చూసి నవ్వడానికి నిరాకరించిన ఒక ముఖం కావలసి వచ్చింది. కేకో మౌనముఖంలో వారు చూసుకున్నది శాలీనతను కాదు, తమ అలసటను.

మొమొయె యమగుచి కథ ఇంకా స్పష్టం. యోకొసుకాలో, అమెరికా నౌకాస్థావరం నీడలో, తల్లి పెంపకంలో పెరిగిన పిల్ల. 1973లో, 14వ ఏట, టెలివిజను పోటీద్వారా గాయని అయింది. మరుసటి ఏడాది ఆమెచేత, ఒక ఆడపిల్ల తన అమూల్యమైనదాన్ని ప్రియుడికి అర్పించే పాట పాడించారు. అమూల్యమైనది ఏమిటని పత్రికలవాళ్ళు పదేపదే, వెకిలిగా అడిగారు. "నిష్కల్మషమైన మనసు" అని చెప్పి ఆమె ఊరుకొంది. పదిహేనేళ్ళ పిల్ల పొడిమాట, అడిగినవారి ముఖాన అద్దం పట్టింది. క్రమంగా తన పాటలు ఎవరు రాయాలో చెప్పగల స్థాయికి వచ్చింది. 1976నాటి "యోకొసుకా కథ" పాటకు అగి యోకో, ఉజాకి ర్యుదో దంపతులను కోరి తెచ్చుకొన్నది ఆమే. 1980లో "అఓయి తొకి" అనే ఆత్మకథ రాసింది. మాటతక్కువ మనిషి అని పేరుపడిన యీ పిల్ల, తన పుట్టుకను గూర్చీ, వేరే కుటుంబం వున్న తండ్రిని గూర్చీ అందులో దాపరికం లేకుండా రాసింది. అది లక్షలకొద్దీ అమ్ముడుపోయింది. ఆ ఏడాది అక్టోబరు 5న బుదోకాన్ సభాభవనంలో చివరిపాట పాడి, తెల్లని మైకును వేదికమీద పెట్టి వెళ్ళిపోయింది. వయసు 21. మళ్ళీ వేదిక ఎక్కలేదు. 2019లో ఆమె పేరుతో ఒక పుస్తకం వస్తే, అది తాను కుట్టిన బొంతలను గూర్చినది.

పెళ్ళిచేసుకొని ఇంటికి పరిమితం కావడాన్ని అభ్యుదయం అనగలమా అని ఇక్కడ ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ ఎంపికను ఆదర్శంగా చూపి సంప్రదాయవాదులు చప్పట్లు కొట్టిన మాట నిజం. కాని, తనను సరుకుగా మార్చిన పరిశ్రమ ఇంకా లాభం గుంజగల వయసులో, తన గొంతు తనదని ఆమె నిరూపించింది. ఆమె మాట్లాడవలసినచోట రాసింది, ఆగవలసినచోట ఆగింది. ఆ మౌనం ఆమె సొత్తు. మిదోరి మౌనం మిదోరిది కాదు. చూడబోతే రెండూ ఒకేలా వుంటాయి. తేడా చూపడమే విమర్శకుడి పని.

1990ల తరువాత యీ మౌనం బొమ్మల్లోకి ప్రవహించింది. 1995 అక్టోబరులో హిదెయాకి అన్నో "నియోన్ జెనెసిస్ ఎవాంగెలియన్" అనే 26 భాగాల ధారావాహిక ప్రారంభించాడు. అది జపానుకు చెడ్డ సంవత్సరం. జనవరిలో కోబె భూకంపం, మార్చిలో టోక్యో భూగర్భ రైళ్ళలో విషవాయువు దాడి. భూముల ధరల బుడగ అప్పటికే పగిలింది, చదువుకొన్న యువకులకు స్థిరమైన ఉద్యోగాలు కరువయ్యాయి. ఆ ధారావాహికలో రేయ్ అయనామి అనే 14 ఏళ్ళ పిల్ల, తెల్లని చర్మం, నీలి జుట్టు, ఎర్రని కళ్ళు, ముక్తసరి మాట. ఆజ్ఞాపిస్తే యంత్రం ఎక్కి యుద్ధం చేస్తుంది, గాయపడుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. ఇటువంటప్పుడు ఏ భావం చూపాలో తెలియదని ఆమె అంటే, నవ్వితే చాలునని కథానాయకుడైన కుర్రవాడు చెబుతాడు. ఆమె నవ్వుతుంది. ఆ నవ్వు ఒక తరాన్ని కట్టిపడేసింది.

ఎందుకు? అడగని, నిలదీయని, జీతమెంతని తూకం వేయని తోడు కోసం, పోటీలో ఓడిపోతున్న యువకుడు అలమటించాడు. ఇది ఒక పక్షం. రెండో పక్షాన్ని మనం సాధారణంగా విస్మరిస్తాం. యీ నాయికలను ప్రేమించిన ఆడపిల్లలు కూడా వున్నారు. చిరునవ్వు వెల సున్నా యెన్ అని ధరల పట్టీలో రాసిపెట్టిన ఫలహారశాలల దేశం అది. నవ్వడం ఉద్యోగధర్మమైనచోట, నవ్వకుండా వుండగలిగిన పిల్ల కొంత విముక్తిలా కనబడుతుంది. ఒకే పాత్రలో ఒకరు విధేయతను, మరొకరు నిరాకరణను చూశారు. ఆకర్షణ అంతా యీ ద్వంద్వార్థంలోనే వుంది. వ్యాపారానికి గిట్టుబాటయిందీ అదే.

అన్నో మాత్రం చేతిని దాచలేదు. రేయ్ ఒక మనిషి కాదనీ, ఆమెవంటి దేహాలు తొట్టెలో వరుసగా సిద్ధంగా వున్నాయనీ, ఒకటి పోతే మరొకటి తీస్తారనీ 23వ భాగంలో చూపాడు. శ్రామికుణ్ణి మార్చదగిన విడిభాగంగా చూసే వ్యవస్థకు ఇంతకన్న భయంకరమైన ప్రతిమ నేను చూడలేదు. 1997లో వచ్చిన ముగింపు చిత్రంలో, తనను తయారు చేసినవాడితో, నేను నీ బొమ్మను కానని ఆమె తిరగబడుతుంది. పరిశ్రమ ఏం చేసిందో చూడండి: అదే పిల్లను ప్లాస్టిక్ బొమ్మగా పోతపోసి, ఏటేటా కొత్త భంగిమల్లో అమ్మింది. ఆ పాత్ర తరువాత తెల్లని చర్మం, వింతరంగు జుట్టు, తక్కువ మాట అనే ముక్కలను కూర్చి కొత్త నాయికలను తయారు చేయడం రివాజయిందని హిరొకి అజుమా అనే విమర్శకుడు 2001లోనే రాశాడు. కారణం పోయింది, లక్షణం మిగిలింది. దీన్నే నేను అలంకారం అంటున్నాను.

ఆ ముక్కలనుంచే పుట్టినా, వాటిని దాటిన పాత్ర ఒకటి వుంది. నగారు తనిగావా 2003లో ప్రారంభించిన "సుజుమియా హరుహి" నవలల్లోని యుకి నగాతో. సంఘం గదిలో మూల కూర్చుని పుస్తకం చదువుతూ వుంటుంది. హరుహి అనే హడావిడి పిల్ల అల్లరికి ప్రపంచం తలకిందులైనప్పుడల్లా చక్కబెట్టేది యీమే. 2009లో వచ్చిన భాగాల్లో ఒక వేసవిసెలవుల చివరి రెండువారాలు 15,000కు పైగా సార్లు తిరిగితిరిగి వస్తాయి. తక్కినవారంతా ప్రతిసారీ మరిచిపోతారు, గుర్తున్నది ఆమెకొక్కతెకే. శతాబ్దాల విసుగును ఆమె ఒక్క ఫిర్యాదు లేకుండా మోసింది. 2010నాటి చిత్రంలో ఆ భారం తట్టుకోలేక ప్రపంచాన్నే మార్చివేస్తుంది. ఆమె మౌనంగా చేసిన చాకిరీమీద తమ సరదాలన్నీ నడిచాయని కథ చెప్పే కుర్రవాడికి అప్పుడుగాని తెలియదు. ప్రతి ఇంట్లోనూ ఒక నగాతో వుంది. వంటింటి దీపం ఆర్పి అందరికన్న ఆలస్యంగా పడుకునే మనిషి ఎందుకు మాట్లాడదో యీ వినోదచిత్రం అడిగినంత సూటిగా, గంభీరమైన నవలలు కొన్ని అడగలేదు.

2007 ఆగస్టు 31న సప్పొరో నగరంలోని క్రిప్టన్ సంస్థ హత్సునె మికు అనే గాయనిని విడుదల చేసింది. విడుదల చేసింది అంటున్నాను; ఎందుకంటె ఆమె కంప్యూటరు పరికరం. వయసు 16, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 42 కిలోలు అని అట్టమీద నిర్ణయించారు. గొంతు సాకి ఫుజితా అనే నటిది. ఎవరైనా మాటలు రాసి, స్వరాలు కూరిస్తేనే మికు పాడుతుంది. ఆమెకు ముసలితనం లేదు, విశ్రాంతి అక్కరలేదు, మైకు కిందపెట్టి వెళ్ళిపోదు. మొమొయెమీద పరిశ్రమ తీర్చుకొన్న పగలా వుందని తోస్తుంది. అయితే అంతటితో తీర్పు చెప్పడం తొందరపాటు. గొంతు లేనివారు, స్టూడియోల గడప ఎక్కలేనివారు, యీ పరికరంతో వేలాదిగా పాటలు కట్టారు. తరువాత దేశమంతా పాడుకొన్న కెన్షి యొనెజు కూడా మొదట "హచి" అనే పేరుతో అలా కట్టినవాడే. ఉత్పత్తి సాధనం జనం చేతికి వచ్చినప్పుడు, మాటలేని బొమ్మ అనేకుల నోరు కాగలిగింది. యీ వైరుధ్యాన్ని వైరుధ్యంగానే చూడాలి.

బొమ్మకు చెల్లినది మనుషులకు చెల్లదు. 2016 ఏప్రిల్‌లో కెయకిజాకా46 బృందం "సైలెంట్ మెజారిటీ" పాటతో వచ్చింది. నడుమ నిలబడింది నవ్వని పద్నాలుగేళ్ళ యురినా హిరాతె. మందలో మౌనంగా వుండకు అని ఆ పాట తాత్పర్యం. ఆ తిరుగుబాటును రాసిచ్చింది మాత్రం యాభై ఏడేళ్ళ నిర్మాత యసుషి అకిమొతో. తిరుగుబాటు కూడా నిర్మాత దస్తూరీలో రావలసివస్తే పిల్లలకు మిగిలేది పాడే పని మాత్రమే. ఇటువంటి గాయికలు ప్రేమించరాదనే ఒప్పందాలు యీ రంగంలో సామాన్యం. 2015 సెప్టెంబరులో టోక్యో జిల్లా న్యాయస్థానం ఒప్పందం మీరిన 17 ఏళ్ళ పిల్లను సుమారు 6 లక్షల 50 వేల యెన్‌లు చెల్లించమంది. 2016 జనవరిలో అదే న్యాయస్థానం మరో కేసులో, అటువంటి నిషేధం మనిషి సుఖాన్వేషణ హక్కును అతిగా కుదిస్తుందని తీర్పు చెప్పింది. మౌనసౌందర్యాన్ని గూర్చి రసజ్ఞులు వర్ణించేటప్పుడు, దాని వెనక సంతకం చేసిన కాగితం వుందేమో ముందు వెతకాలి.

మరో పరీక్ష కూడా వుంది. మౌననాయికను ఆరాధించే సమాజం, మాట్లాడిన స్త్రీని ఎలా చూసింది? 2017లో షియొరి ఇతో అనే పాత్రికేయురాలు తనపై జరిగిన అత్యాచారాన్ని ముఖం దాచుకోకుండా, పేరు దాచుకోకుండా చెప్పింది. ఆమెమీద కురిసిన దూషణలవల్ల దేశం విడిచి లండన్‌లో వుండవలసి వచ్చింది. 2019 డిసెంబరులో సివిల్ న్యాయస్థానం ఆమె పక్షాన తీర్పు చెప్పింది. అదే ఏడాది అనేక నగరాల్లో స్త్రీలు పువ్వులు పట్టుకొని వీధుల్లో నిలబడి తమ మాట తాము చెప్పుకున్నారు. నగాతో మౌనానికి కన్నీరు కార్చిన ప్రేక్షకుడు వీరి మాట వినగలిగాడా అన్నదే ఆ కళకు అసలైన కొలత.

ఇదంతా పరాయిదేశపు గొడవ అనుకోనక్కరలేదు. నేను కాలేజీలో పాఠాలు చెప్పే వృత్తిలో వున్నదాన్ని. తరగతిలో నోరెత్తని విద్యార్థినిని "బుద్ధిమంతురాలు" అనీ, ఎదురు ప్రశ్న వేసినదాన్ని "నోటిదురుసు" అనీ అనడం మనకెంత అలవాటో నాకు తెలుసు. మన కథల్లో కూడా కన్నీళ్ళు దిగమింగే ఇల్లాలికి సానుభూతి చౌకగా దొరుకుతుంది. మాటతక్కువ నాయికలను రాయవద్దని నేను అనడంలేదు. కాని ఆమె ఎందుకు మాట్లాడడంలేదో, ఆ మౌనంవల్ల ఎవరు లాభపడుతున్నారో రచయితకు తెలిసి వుండాలి. తెలిసినది రచనలో ఎక్కడో ఒకచోట పాఠకుడి కంటపడాలి. ఇచియో, ఓజు, అన్నో ఆ పని చేశారు. వారిని అనుకరించినవారు ముఖాన్ని దించుకున్నారుగాని కారణాన్ని దించుకోలేదు. అందం చూసి ఆగిపోవడం ప్రేక్షకుడికి చెల్లవచ్చు, విమర్శకుడికి చెల్లదు.